పదకొండు గంటల పోగులు

వానలు ముఖం చాటేసిన 1983లో, తమిళనాడులోని ధర్మపురి ఊరి చివర పట్టుదారం తీసే ఒక చిన్న కేంద్రంలో పోగులు ఉన్నట్టుండి ఎక్కువగా తెగడం మొదలైంది.

అక్కడి మేస్త్రీ దొరసామి. నలభైకి దగ్గరపడ్డ మనిషి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఏదైనా చెడిపోతే కేకలేసే రకం కాదు, అది ఎందుకు చెడిందో తెలిసేదాకా అన్నం సయించని రకం. అతని చేతికింద ఇరవై తొట్లు, వాటి ముందు ఇరవై మంది ఆడవాళ్లు. ఉడుకునీళ్లలో తేలే పట్టుగూళ్ల కొసలు వెతికి, ఎనిమిదింటిని కలిపి ఒకే దారంగా చక్రానికి ఎక్కించడం వాళ్ల పని. ఒక గూడు అయిపోగానే ఆ చోట ఇంకో గూటి కొస అందించాలి. అందించడం కాస్త ఆలస్యమైతే దారం సన్నబడి పుటుక్కున తెగుతుంది.

దొరసామి మొదట గూళ్లను అనుమానించాడు. మల్బరీ తోటలు ఎండిపోయి, పురుగులకు ఆకు చాలక, గూళ్లు పల్చగా వస్తున్నాయి. కానీ అవే గూళ్లు పొద్దున ఎనిమిదింటికి చక్కగా దారమిస్తున్నాయి. తర్వాత నీళ్లను అనుమానించాడు. బావి అడుగంటడంతో నీళ్లలో ఉప్పు పెరిగింది. సీసాలో పట్టి ఎండకు పెట్టి చూశాడు, వేరే ఊరి నీళ్లు తెప్పించి రెండు తొట్లలో పోసి చూశాడు. తేడా లేదు. వేడి చూశాడు, చక్రాలకు నూనె వేశాడు. అయినా తెగుతూనే ఉన్నాయి.

ఇక లెక్క తెలియాలనుకుని ఒక సోమవారం ప్రతి తొట్టి పక్కనా ఒక కొబ్బరిచిప్ప, గుప్పెడు చింతగింజలు పెట్టాడు.

"పోగు తెగినప్పుడల్లా ఒక గింజ చిప్పలో ఎయ్యండి. గంటకొకసారి వచ్చి చూసుకుంటాను" అన్నాడు.

ఆ రోజు ఎన్నడూ లేనన్ని పోగులు తెగాయి. మూడో తొట్టి దగ్గరుండే పాప్పాత్తి చేతిని ఉడుకునీళ్లలో ముంచేసుకుని అరిచింది. బొబ్బలెక్కిన వేళ్లకు దొరసామే మందు రాసి కూర్చోబెట్టాడు. మధ్యాహ్నం చూస్తే సగం మంది సద్ది గిన్నెలు మూత కూడా తీయలేదు.

అందరికంటే పెద్దది సౌభాగ్యం. యాభై దాటింది, వేళ్ల చివర్లు ఉడుకునీళ్లకు నాని తెల్లబడి ఉంటాయి. ఆమె తన చిప్ప తెచ్చి దొరసామి ముందు పెట్టింది.

"తంబీ, ఒక మాట అడుగుతాను. నువ్వు ఎంచేది పోగుల్నా, మమ్మల్నా?"

"అదేందక్కా అట్లంటావు?"

"ఎవరి చిప్పలో గింజలు ఎక్కువుంటే వాళ్లను ఇంటికి పంపేస్తారంట కదా. పొద్దున్నించి అందరూ అదే అనుకుంటా ఉండారు. పక్క తాలూకాలో కేంద్రం మూసేసినారు కదా. ముందు రోజు దాకా ఎవరికీ తెల్దంట. పొద్దున పోయి చూస్తే తలుపుకి బీగం."

దొరసామి ఒక్కో తొట్టి దగ్గరికీ వెళ్లాడు. చిప్పలన్నీ తనే ఏరి గోనెసంచిలో పడేశాడు. "నేను పోగులు ఎందుకు తెగుతుండాయో చూద్దామని పెట్టినానక్కా. ఎవరి పేరూ రాయలేదు" అని అందరికీ వినబడేలా చెప్పాడు. వాళ్లు విన్నారు కానీ నమ్మినట్టు కనబడలేదు.

ఆ తర్వాత అతను ఒక మూల స్టూలు వేసుకుని కూర్చుని, ఎవరెవరివో చూడకుండా, మొత్తం హాల్లో ఎన్ని పోగులు తెగుతున్నాయో మాత్రం గమనించసాగాడు. మూడు రోజుల్లో ఒక వింత బయటపడింది. పొద్దున అంతా బాగుంటుంది. పదిన్నర నుంచి పోగులు తెగడం పెరుగుతుంది. పదకొండుకి ఇక ఆగదు. పదకొండున్నర దాటితే మళ్లీ నెమ్మదిస్తుంది.

పదకొండుకి ఏముంది? ఎండా? మబ్బు పట్టిన రోజూ అంతే. బాయిలరా? బాయిలరు చూసే కన్నప్పన్ పొద్దున్నించి ఒకేలా కట్టెలు వేస్తున్నాడు. ఆకలా? అయితే పన్నెండుకి ఇంకా పెరగాలి కదా.

శుక్రవారం మాత్రం పదకొండు గడిచినా పోగులు తెగడం ఆగలేదు. పన్నెండు, ఒంటిగంట, అదే తీరు. రోజూ పదకొండుకల్లా మోగే సైకిలు బెల్లు ఆ రోజు రెండింటికి గేటు దగ్గర మోగింది. హాల్లో ఇరవై తలలూ ఒక్కసారి కిటికీ వైపు తిరిగాయి. పోస్ట్‌మ్యాన్ ఆఫీసులో ఉత్తరాలిచ్చి బయటికి వచ్చేదాకా ఎవరి కళ్లూ తొట్టి మీద లేవు. ఆ కాసేపట్లో గూళ్లు అయిపోయి, దారాలు సన్నబడి, ఒకదాని తర్వాత ఒకటి తెగాయి.

దొరసామి స్టూలు మీద నుంచి లేచి సౌభాగ్యం దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, పోస్టు వచ్చేటప్పుడే పోగులు తెగుతుండాయి. నీకు తెలుసునా?"

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "లేదు తంబీ. మేం చెయ్యి ఆపినట్టే లేదే!" మళ్లీ తనే అంది, "ఆ సైకిలు బెల్లు ఇంటే నాకు మూసేసే కాయితమే వచ్చినట్టుంటాది. నాకొక్కదానికే అనుకున్నాను."

"నాకూ అంతే పెద్దమ్మా" అంది పాప్పాత్తి కట్టు కట్టిన చేత్తో. వెనక ఉన్న ఇంకో ఇద్దరు కూడా అదే మాట అన్నారు.

దొరసామి నేరుగా మేనేజరు గదికి వెళ్లాడు. మేనేజరు సదాశివం సేలం మనిషి, తమిళం తప్ప మరో మాట రాదు. ఆరు నెలల కింద వచ్చాడు. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. దొరసామి తను కనిపెట్టిందంతా తమిళంలో చెప్పి, ఒక కోరిక కోరాడు: పై ఆఫీసు నుంచి వచ్చే ఉత్తరాలను ఆడవాళ్ల ముందే విప్పి చదువుదాం.

"ఆఫీసు కాగితాలు వాళ్ల ముందా?" అన్నాడు సదాశివం.

"ఏముందో తెలియకనే కదా సార్ భయపడుతున్నారు. వచ్చినవాటిలో ఏముందో మీకు తెలుసు కదా, వాళ్లకూ చెప్పండి."

సదాశివం బల్ల సొరుగు లాగాడు. అందులో పది పన్నెండు ఉత్తరాలున్నాయి. ఒక్కటీ చింపి లేదు.

దొరసామి ఆ కవర్లను, ఆయన్ను మార్చిమార్చి చూశాడు. ఇంతకాలం ఈ గదిలో ఏదో రహస్యం దాస్తున్నారని హాల్లో అందరూ అనుకున్నారు. దాచింది ఇదీ.

"నాకు ఇద్దరు ఆడపిల్లలు దొరసామీ" అన్నాడు సదాశివం మెల్లగా. "విప్పితే ఏముంటుందో అని చెయ్యి రాదు. నువ్వే విప్పు."

మరునాడు పదకొండుకి చక్రాలు ఆపారు. హాలు మధ్యలో దొరసామి ఉత్తరాలు పట్టుకుని నిలబడ్డాడు. పక్కన కుర్చీలో సదాశివం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మొదటి కవరు చింపేటప్పుడు వెనక ఉన్నవాళ్లు ముందుకు జరిగారు.

అందులో ఇలా ఉంది: మీ కేంద్రంలో పాయిఖానాకు సున్నం వేయించారా లేదా, వెంటనే తెలపాలి.

ఎవరో కిసుక్కున నవ్వారు. రెండోది పగిలిన థర్మామీటరు తిరిగి పంపమన్న ఉత్తరం. మూడోది దానికే రిమైండరు. నాలుగోది రిమైండరుకు రిమైండరు. అప్పటికి సౌభాగ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సదాశివం కూడా నవ్వాడు. ఆయన పళ్లు వాళ్లు చూడటం అదే మొదలు. మూసేయడం గురించి పన్నెండింటిలో ఒక్క ముక్కా లేదు.

ఆ రోజు నుంచి అది అలవాటయింది. పోస్టు రాగానే పది నిమిషాలు చక్రాలు ఆపడం, చదవడం, ఎవరికేం తోస్తే అది అడగడం. దొరసామి తెలిసింది చెప్పేవాడు. తెలియనిదానికి "తెల్దు" అనేవాడు. మొదట్లో ఆ మాట అనడానికి అతనికి మొహమాటంగా ఉండేది. కానీ వాళ్లు దానికి కలవరపడటం లేదు. అతనికి తెలియదంటే ఎవరికీ తెలియదన్నమాటే అనుకుని పనిలో పడుతున్నారు. పదకొండు గంటల పోగులు నిలిచాయి.

ఇరవై రోజుల తర్వాత అసలు ఉత్తరం వచ్చింది. దొరసామి మొదటి వాక్యం చదివి ఆగాడు. సదాశివం లేచి నిలబడ్డాడు.

"చదువు తంబీ" అంది సౌభాగ్యం.

చదివాడు. గూళ్ల కొరత వల్ల వచ్చే నెల నుంచి పన్నెండు తొట్లే నడపాలి, మిగతా ఎనిమిది మందిని మేనేజరు నిలిపివేయాలి.

పాప్పాత్తి లేచి బయటికి వెళ్లిపోయింది. కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చి తన చోట కూర్చుంది.

"ఎవర్ని నిలిపేది అని రాసుందా?" అడిగింది.

"లేదు."

"ఇరవై మందీ ఉండాలంటే పన్నెండు తొట్లలో ఎట్ల చెయ్యొచ్చు?"

ఆ ప్రశ్న చుట్టూ చేరి అందరూ ఒకేసారి మాట్లాడారు. వారానికి మూడు నాలుగు రోజులు వంతులవారీగా వస్తే అని ఒకరు, పొద్దున కొందరు సాయంత్రం కొందరు అని ఇంకొకరు. చివరికి వంతుల మాట నిలిచింది. కూలి తగ్గుతుంది, కానీ ఎవరూ పూర్తిగా పోరు. సదాశివం అక్కడే కూర్చుని జవాబు రాశాడు. రాసింది పైకి చదివి వినిపించి, అప్పుడు సంతకం పెట్టాడు.

ఒప్పుకుంటారో లేదో పదిహేను రోజులు తెలియలేదు. ఆ పదిహేను రోజులూ పని నడిచింది. వానలు పడేదాకా అలాగే చేసుకోవచ్చని జవాబు వచ్చింది.

అందరికీ అది సరిపోలేదు. మూడు నాలుగు రోజుల కూలితో ఇల్లు గడవక పాప్పాత్తి భర్తతో కలిసి బెంగళూరులో కట్టడం పనికి వెళ్లింది. వెళ్లే ముందు తన వంతు ఎవరికివ్వాలో తనే చెప్పి, ఒక్కొక్కరి దగ్గరా నిలబడి మాట్లాడి పోయింది. ఇంకో ఇద్దరు పొలం పనులకు మళ్లారు. ఐప్పసి నెలలో, దీపావళి రోజుల్లో, వాన పట్టుకుంది. మల్బరీ మళ్లీ చిగురేసింది. ఇంకొన్నాళ్లకు ఇరవై తొట్లూ నడిచాయి, మూడు కొత్త చేతులతో.

కొత్త పంట గూళ్లు మొదటిసారి వచ్చిన రోజు సంచులు తడిసి ఉన్నాయి. ఎంత ఉడికించినా కొసలు దొరకడం లేదు. దొరసామి పంచె ఎగ్గట్టి సౌభాగ్యం తొట్టి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఎందుకక్కా చిక్కడం లేదు?"

"చూస్తాం ఉండు" అని ఆమె ఒక గూటిని వేళ్ల మధ్య మెల్లగా తిప్పింది. ఇద్దరూ నీళ్ల మీదికి వంగారు.