చప్పట్ల శిక్షణ

నత్తోడి అరచేతులు కమిలిపోయినా సూపర్‌వైజరు ఆపమనలేదు. షెడ్డు మధ్యలో, అందరి ముందూ నిలబెట్టి వాడొక్కడి చేతా చప్పట్లు కొట్టిస్తున్నాడు. వాడు చేసిన నేరం ఒక్కటే. ముందురోజు సభలో చప్పట్లు కొట్టాల్సిన సమయంలో, ఇనుము చెక్కే లేతు మిషను ఎప్పుడు నేర్పిస్తారని నత్తితోనే అడిగాడు.

పిడుగు వరసలో నిలబడి చూస్తోంది. అల్లరి పడలేక తల్లి పెట్టిన పేరది. పదో తరగతి తప్పి, ఇంట్లో కూచుని తిట్లు తిన్న పిల్ల. చుట్టూ ఉన్నవాళ్లదీ అదే బతుకు. చదువు మధ్యలో తెగిపోయినవాళ్లు, పని దొరక్క వీధులు కొలిచినవాళ్లు. ఇలాంటివాళ్లకు పని నేర్పి నిలబెట్టమని సర్కారు నిధులిచ్చింది. కాంట్రాక్టరు నిలబెట్టాడు కూడా. ఒక రేకుల షెడ్డు, అందులో పట్టా కప్పి తాళ్లతో బిగించిన లేతు మిషను ఒకటి, ఊరవతల తనకో మేడ.

ఇక శిక్షణంటారా, అది లారీలో మొదలయ్యేది. ఏ పెద్దమనిషి సభ పెట్టినా కాంట్రాక్టరు వీళ్లను లారీకెక్కించి తోలేవాడు. సూపర్‌వైజరు రుమాలు ఎత్తితే చప్పట్లు కొట్టాలి, దించితే ఆపాలి. ఇన్నాళ్లలో వాళ్లకు అబ్బిన విద్య అదొక్కటే.

ఆ సాయంత్రం నత్తోడిని గేటు బయటికి గెంటేశారు. పిడుగు ఇంటికెళ్లి తల్లితో చెప్పింది. తల్లి లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది, మోచేతులదాకా కాలిన మచ్చలే.

"సర్టిఫికెట్టు చేతికొచ్చేదాకా నోరు కుట్టేసుకో," అంది తల్లి. "లేదంటే నా పక్కన ఇస్త్రీ బల్ల ఖాళీగానే ఉంది."

"మిషను ముట్టుకోనిదాన్ని ఆ కాగితం చూసి ఎవరు పెట్టుకుంటారమ్మా? ఎటూ ఆ బల్లకే కదా నేనొచ్చేది?"

తల్లి తన చేతులకేసి చూసుకుంది.

మర్నాడు షెడ్డు వెనక కుళాయి దగ్గర అందరూ పోగయ్యారు. రెండో విడత నిధులివ్వడానికి పెద్దాఫీసరు వస్తున్నాడని తెలిసింది. కాలేజీలో వెనకబడి ఇక్కడికొచ్చిన కళ్లజోడు కుర్రాడు అర్జీ ఇద్దామన్నాడు. ఆ అర్జీతో పకోడీల పొట్లం కట్టుకుంటారని ఎవరో ఎకసెక్కం చేశారు. ఒకడు చప్పట్లు కొట్టకుండా బిగదీసుకుందామన్నాడు. అలా చేస్తే కాంట్రాక్టరు ఇంకో లారీ నిండా జనాన్ని దింపుతాడని ఇంకొకడు కసిరాడు. మాటామాటా పెరిగి కొట్టుకునేదాకా వచ్చింది.

"మనకొచ్చిన పని ఒకటే," అంది పిడుగు. "అదే చేద్దాం. వాడు రుమాలు దించినా ఆపొద్దు."

ఆఫీసరు వచ్చాడు. కాంట్రాక్టరు మైకు పట్టుకుని, ఈ బిడ్డల భవిష్యత్తే తన ఊపిరి అన్నాడు. రుమాలు లేచింది. చప్పట్లు మోగాయి. కాంట్రాక్టరు మురిసిపోయి దణ్ణం పెట్టాడు. రుమాలు దిగింది, చప్పట్లు దిగలేదు. సూపర్‌వైజరు రుమాలును దుమ్ము దులిపినట్టు విదిలించాడు. పళ్లు కొరికాడు. రేకుల కప్పు అదిరిపోతోంది. కాంట్రాక్టరు ముఖం కందగడ్డయింది. ఆ మోతకు పక్క వీధి లాండ్రీ ఆడవాళ్లు గేటు దగ్గరికొచ్చారు.

ఏం కావాలి మీకు, అని ఆఫీసరు అరిచాడు.

అందరి చేతులూ ఒక్కసారిగా ఆగాయి. గేటు బయట కాచుకునున్న నత్తోడు లోపలికొచ్చాడు. జనం దారిచ్చారు.

"మి... మి... మిషను ఆన్ చెయ్యండి," అన్నాడు వాడు. చెప్పేదాకా ఎవరూ తొందరపెట్టలేదు. వాడి జీవితంలో అది మొదటిసారి.

కరెంటు లేదన్నాడు కాంట్రాక్టరు, మైకులో.

నవ్వు పుట్టింది. ఆ నవ్వులోనే కోపం కట్టలు తెంచుకుంది. పిడుగు, నత్తోడు కలిసి తాళ్లు కోసి పట్టా లాగేశారు. మిషనుకు మోటారు లేదు. మోటారుండాల్సిన చోట బోల్టుల బెజ్జాలున్నాయి. ఇన్నాళ్లూ తాము ఎదురుచూసింది ఈ బెజ్జాల కోసమా అనుకుంది పిడుగు. ఆమె ఆఫీసరు ముఖంలోకి చూసింది. అందులో ఆశ్చర్యం లేదు. వాటా ముట్టినవాడికి ఆశ్చర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

పోలీసులకు ఫోన్ చేసింది ఆ ఆఫీసరే. మోటారు మింగినవాడికి కుర్చీ వేశారు. తాళ్లు కోసినవాళ్ల మీద సర్కారు ఆస్తి పాడుచేశారని కేసు పెట్టారు. ఉన్నది ఒక్క జత బేడీలు కావడంతో పిడుగు కుడిచేతికీ నత్తోడి ఎడమచేతికీ కలిపి వేసి వ్యానులో తోశారు.

గేటు దగ్గర తల్లి నిలబడి ఉంది. తిడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకుంది పిడుగు. ఆమె రెండూ చెయ్యలేదు. వ్యాను కిటికీ దగ్గరికొచ్చి, "ఆ బల్ల మీదికి నిన్ను రానివ్వను," అంది.

వ్యాను కదిలింది. నత్తోడు బేడీ లేని అరచేతిని ముందుకు చాచాడు. అది ఇంకా వాచే ఉంది. పిడుగు తన చేతిని దానికేసి మెల్లగా కొట్టింది. చెరో చెయ్యి, ఒక చప్పట. మళ్లీ కొట్టింది. ఆపమని కానిస్టేబులు లాఠీతో ఇనపరేకు మీద బాదాడు.

అప్పటికి గేటు దగ్గర మచ్చల చేతులు రెండు అందుకున్నాయి. లాండ్రీ ఆడవాళ్లు కలిశారు. షెడ్డులోని వాళ్లంతా కొడుతూనే రోడ్డెక్కి వ్యాను వెంట నడిచారు. సూపర్‌వైజరు రుమాలు ఊపుతూనే ఉన్నాడు. అటు ఎవరూ చూడలేదు.