రెండు వందల మూడు ఓట్లు

మా పార్టీని రద్దు చేస్తామని నోటీసు వచ్చిన రోజు నేను జనగామలో ఎవరిదో పిట్టగోడ కడుతున్నాను. సుతారి పని చేసేవాడు పార్టీకి అధ్యక్షుడేమిటని నవ్వేవాళ్ళు చాలామందే ఉన్నారు. నవ్వనీ. పార్టీ పెట్టిన పాస్టరు గారు పోయాక ఆ కుర్చీ ఎవరికీ అక్కర్లేకపోయింది. ఏడో తరగతితో బడి మానేసిన నాకు మిగిలింది.

పార్టీ పేరు క్రైస్తవ ప్రజాస్వామ్య పక్షం. 2019 తర్వాత ఒక్క ఎన్నికలోనైనా పోటీ చేసినట్టు చూపించండి, లేకుంటే జాబితాలోంచి తీసేస్తాం, అని నోటీసు. మతం పేరుతో కొత్త పార్టీకి ఇప్పుడు రిజిస్ట్రేషన్ ఇవ్వరట. ఇది పోతే పోయినట్టే.

చూపించడానికి మాకేముంది? 2014లో జనగామలో నేను నిలబడితే 437 ఓట్లు. 2018లో మహబూబాబాద్‌లో మా లంబాడీ జాల్యా 512 తెచ్చాడు, భూపాలపల్లిలో టేకుమట్ల సారయ్య 291. ఈ మూడు జిల్లాల ప్రార్థన మందిరాల్లో ఆదివారం ఆమెన్ అనే గొంతులు వేలల్లో ఉంటాయి. పోలింగు నాడు అవన్నీ ఎక్కడికి పోతాయో దేవుడికే తెలియాలి. ఆ తర్వాత సారయ్య వార్డు మెంబరుగా గెలిచాడు. మా వాళ్ళు గెలిచింది అదొక్కటే. పంచాయతీకి పార్టీలు ఉండవు కనుక అదీ మా పేరున రాలేదు. జాల్యా పెద్ద పార్టీ కండువా కప్పుకుని వెళ్ళిపోయాడు.

మిగిలింది 2023. రఘునాథపల్లి రజితను జనగామ సీటుకు నిలబెట్టాం. 203 ఓట్లు. అయితే రికార్డులో ఆమె స్వతంత్ర అభ్యర్థి. పార్టీయే ఆమెను నిలబెట్టిందని నేను సంతకం చేసిన బి ఫారం నామినేషన్‌తో చేరలేదు. పార్టీ సీలు సారయ్య దగ్గర ఉంటే వేయించుకొస్తున్నాను, దారిలో బస్సు చెడిపోయింది. ఆఖరి రోజు రెండున్నరకు ఫారం ఆమె చేతిలో పెట్టాను. మూడు గంటల గడువు దాటిందని తీసుకోలేదని చెప్పింది. ఆ బస్సునూ నన్నూ రెండేళ్ళుగా తిట్టుకుంటూనే ఉన్నాను.

"ఆమెను పార్టీయే నిలబెట్టింది, టైం దాటడం వల్ల ఫారం చేరలేదు అని ఆమెతోనే రాయించుకురా. నిలుస్తదో లేదో, అడుగుదాం," అన్నాడు వకీలు. స్టాంపు కాగితం మీద రాయించుకుని రఘునాథపల్లి వెళ్ళాను.

రజిత మిషన్ ముందు కూర్చుని జాకెట్‌కు చేతులు కుడుతోంది.

"ఏందన్న, మళ్ల నిలబెడ్తవా ఏంది? ఆ రెండొందల మూడు మంది ఎవలో పేర్లు చెప్పుమని మా ఆడిబిడ్డ ఇప్పటికీ అడుగుతది."

"నీ ఆడిబిడ్డ ఏసిందా?"

"ఆమె ఏస్తే రెండొందల నాలుగయ్యేటియి."

కాగితం ఇచ్చాను. పెదాలు కదుపుతూ చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"గిది అబద్ధం అన్న. టైం దాటలే. నువ్విచ్చిన ఫారం నేను లోపల ఇయ్యనే ఇయ్యలే."

ఆమే చెప్పింది.

"లైన్ల నా ముందటాయన ఏం పార్టీ అక్కా అని అడిగిండు. చెప్పిన. 'మరి నీ ఎస్సీ సర్టిఫికెట్ ఎట్ల నిలుస్తది, ఎవడన్న అర్జీ పెడితే' అన్నడు. అప్పుడే మా బిడ్డ జమునకు నర్సింగు సీటొచ్చింది, ఎస్సీ కోటల. ఆ సీటు పోతదనుకున్న. ఫారం మడిచి సంచిల పెట్టుకున్న."

నాకు తెలియని సంగతి కాదు. మాలాంటి మాదిగవాడు క్రైస్తవుడని కాగితం మీద తేలితే ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది. ఎస్టీలైన లంబాడీలకు మతం మారినా ఆ చిక్కు లేదు కాబట్టే జాల్యా ఛాతీ విరుచుకుని తిరిగాడు. మేము ప్రార్థనలో క్రైస్తవులం, తహసీల్ ఆఫీసులో హిందువులం.

"రెండేండ్ల సంది తప్పు నాదే అనుకున్న గద రజితా. ఒక్క మాట చెప్పకపోతివి."

"చెప్తే ఊకుంటుంటివా?"

ఊరుకునేవాణ్ణి కాదు. సంఘంలో నలుగురి ముందు నిలబెట్టి అడిగేవాణ్ణి.

"అయిందేదో అయింది. ఇప్పుడన్న సంతకం పెట్టు. గిది పోతే మనకు ఇంకోటి రాదు."

"పెడ్త." ఆమె జాకెట్ పక్కన పెట్టింది. "మొదలు నువ్వు పెట్టు. నేను క్రైస్తవుణ్ణి అని రాసి, దాని కింద పెట్టు. మీ కొడుకు దేవేందర్‌కు గురుకులంల నౌకరి ఏ సర్టిఫికెట్ మీదొచ్చింది అన్న?"

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేవాణ్ణి. నేను జనగామలో నిలబడిన నాటికి దేవేందర్ ఇంకా బడిలో ఉన్నాడు. అప్పుడు నా ధైర్యానికి ఖర్చేమీ లేదు.

పెన్ను నా చేతిలోనే ఉంది. ఆమె మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది, ఒక చెయ్యి పూర్తిచేసి రెండోది అందుకుంది.

స్టాంపు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నోటీసుకు జవాబు రాయడానికి తెచ్చిన తెల్లకాగితం తీసి, మిషన్ బల్ల అంచున పెట్టి రాశాను: 2019 తర్వాత మా పార్టీ ఏ ఎన్నికలోనూ పోటీ చేయలేదు.

రజిత వంగి చూసింది.

"గిదీ అబద్ధమే కదన్న."

"కాగితం మీద నిజమే."

జవాబు పెట్టిన కవరు మూతకు జిగురు ఎండిపోయి అంటుకోవడం లేదు. ఆమె లోపలికి వెళ్ళి నాలుగు అన్నం మెతుకులు తెచ్చి ఇచ్చింది.