చెమ్మగోడ

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడితే పడనీ. మా ఇంటి గోడను ఎక్కడెక్కడో ఎవరెవరో చూస్తున్నప్పుడు నేనొక్కదాన్నే నోరు మూసుకుని కూర్చోవడం ఎందుకు?

మా ఆయన గోడలు చేస్తాడు. తాపీమేస్త్రీ కాదు. వీడియో గేముల్లో గోడలు. ఒక నగరం మొత్తం తయారుచేసి, ఆడేవాళ్లను అందులోకి వదిలి, ఇక నీ ఇష్టం వచ్చినట్టు తిరుగు అనే గేములుంటాయి కదా, అలాంటిదాంట్లో ఇళ్ల గోడలు, వాటి మీద మరకలు, పగుళ్లు, పెచ్చులు, గొట్టాల కింద తుప్పు చారలు, అన్నీ ఈయన పనే. ఆఫీసులో ఈయన్ని మురికి మాస్టారు అంటారు. ఇంట్లో తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టడు గానీ, గేములో గ్లాసు పెట్టినచోట తడి గుండ్రం ఎంతసేపటికి ఆరాలో మాత్రం లెక్కకట్టి చెబుతాడు.

ఇంతకుముందు వీళ్లు చేసిన గేము నవ్వులపాలైంది. ఎవడో పనిలేనివాడు ఆ నగరమంతా తిరిగి, ఒకే మరక నలభై ఒక్క గోడల మీద ఉందని లెక్కపెట్టి వీడియో పెట్టాడు. లక్షలమంది చూసి నవ్వుకున్నారు. ఆ మరక ఈయన చేసిందే. ఆ తర్వాత ఆఫీసులో పదకొండు మందిని పంపించేశారు. ఈయన్ని ఎందుకు ఉంచారో ఈయనకే తెలియదు. అప్పటినుంచి ఒకటే పిచ్చి. ఏ మరకా రెండోసారి రాకూడదు, ఏ గోడా ప్లాస్టిక్‌లా కనిపించకూడదు.

మాది మూడో అంతస్తులో అద్దె ఇల్లు. రెండు గదులు, వంటగది. ముందుగది నిండా ఆయన కంప్యూటర్లు. వెనకగదిలో నా కుట్టుమిషను, మా అమ్మాయి మంచం. అమ్మాయికి ఎనిమిదేళ్లు, పిచ్చుక అని పిలుస్తాం. ఆ గదికి ఒకే కిటికీ. మేం చేరకముందు రంగులేసినవాడెవడో, తెరిచి వేసే ఓపిక లేక, మూసిన కిటికీ మీదే మూడు పూతలు పూసి పోయాడు. రెక్కా చట్రమూ ఒకటైపోయాయి. కిటికీ కింద గోడలో ఎక్కడో గొట్టం కారుతోంది. మొదట అరచెయ్యంత తడి కనిపించింది. వారం తిరిగేసరికి సున్నం ఉబ్బి, నల్లగా బూజు చుక్కలు లేచాయి.

ఒక గీకుడు బ్లేడు, తెల్లరంగు డబ్బా కొనుక్కొచ్చాను. ఆదివారం పొద్దున ముక్కుకు గుడ్డ కట్టుకుని గోడ ముందు కూర్చున్నానో లేదో, మా ఆయన పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. పెళ్లైన కొత్తలో కూడా అంత గట్టిగా పట్టుకోలేదు.

“ఆగు, ముట్టుకోకు,” అన్నాడు. “ఇలాంటి చెమ్మ కోసమే ఆరు నెలలుగా వెతుకుతున్నాను. చూడు, అంచున పసుపు, లోపల ఆకుపచ్చ, మధ్యలో నలుపు. ఇది చేత్తో గియ్యడం ఎవరి వల్లా కాదు.”

“మనకొద్దు కాబట్టే కదా గీకుతున్నాను.”

“మూడు నెలలు ఓపిక పట్టు. ఎలా పెరుగుతుందో ఫొటోలు తీసుకోనీ. గేములో వానలు మొదలైతే గోడ మీద తడి సరిగ్గా ఇలాగే పాకాలి.”

నేను ఒప్పుకున్నాను. అది నా తప్పు, దాచను. పదకొండు మందిని పంపించినచోట ఈయన నిలబడాలి కదా అనుకున్నాను.

ఇక ఆ గది మాది కాకుండా పోయింది. ప్రతి ఆదివారం పదింటికి ఫొటోల పని. స్టాండు కాళ్లు ఎక్కడ పెట్టాలో నేల మీద సుద్దతో మూడు గుర్తులు పెట్టాడు. వాటిని తుడవకూడదు. మంచం జరపకూడదు, నీడ మారుతుంది. కిటికీ జోలికి పోకూడదు, గాలి తగిలితే చెమ్మ ఆరిపోతుంది. ఒకసారి దుప్పటి దులుపుతుంటే నా మోచెయ్యి తగిలి వేలెడంత పెచ్చు రాలింది. సాయంత్రం గదిలోకి వచ్చిన నిమిషంలో పట్టేశాడు. నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆ వారమే నేను జుట్టు సగానికి కత్తిరించుకున్నాను. ఆ సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు.

రంగు డబ్బా మిషను కింద ఉండిపోయింది. కుట్టేటప్పుడు ఎడమకాలు దాని మీద పెట్టుకోవడం అలవాటైపోయింది.

రెండో నెలలో పిచ్చుకకు దగ్గు పట్టుకుంది. మూడో నెలకు పిల్లికూతలు మొదలయ్యాయి. డాక్టరమ్మ వీపు మీద చెవిగొట్టం పెట్టి విని, “ఇంట్లో చెమ్మ ఉందా?” అని అడిగారు. ఉందన్నాను. “ముందు అది వదిలించండి. పిల్ల పడుకునే గదిలో గాలి ఆడాలి,” అని చెప్పి ఇన్‌హేలరు రాసిచ్చారు.

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. మా ఆయన పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని తల నిమిరాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. అబద్ధమాడను, పిల్లంటే ప్రాణమే ఆయనకు. కళ్లు తుడుచుకున్నాక, “వచ్చే నెల లాక్ అవుతుంది. ఈ ఒక్క నెలా ఓర్చుకుందాం,” అన్నాడు. లాక్ అంటే, ఆ రోజు తర్వాత గేములో ఎవరూ వెంట్రుకవాసి కూడా మార్చకూడదు.

లాక్ ఒక నెల వాయిదా పడింది. తర్వాత ఇంకో నెల. అలా జరుగుతూనే పోయింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. రోజూ గొడవపడ్డాను. గోడకు చెప్పుకున్నా ఆయనకు చెప్పుకున్నా ఒకటే అందామంటే అదీ కాదు, గోడకు చెప్పి ఉంటే ఆయన వినేవాడేమో. చివరికి నేనూ పిచ్చుకా పరుపు తీసుకెళ్లి వంటగదిలో పడుకోవడం మొదలుపెట్టాం. ఇంట్లో గోడకో గది, కంప్యూటర్లకో గది, తల్లీపిల్లలకు పొయ్యి పక్కన చోటు. అయినా పగలంతా నేను మిషను దగ్గరే ఉండాలి, బడి లేని రోజు పిల్ల నా దగ్గరే ఉండాలి. ఇద్దరం ఆ గదిలోనే బందీలం.

ఒక ఆదివారం పొద్దున ఫొటోల పని అయిపోయాక పిచ్చుకకు ఆయాసం ముంచుకొచ్చింది. మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్లకు ఆనించి, భుజాలు ఎగరేస్తూ ఊపిరి లాగుతోంది. పెదాలు పాలిపోయాయి. నేను మందు పట్టించి, రెండోసారి పట్టించేముందు నిమిషం ఆగాలి కాబట్టి లెక్కపెడుతున్నాను. తలెత్తి చూస్తే మా ఆయన గుమ్మంలో ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. డాక్టరుకు చేస్తున్నాడనుకున్నాను. చేశాడు కూడా. ఆసుపత్రికి వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చాం. పోనీలే, ఆపదలో మనిషి పక్కనున్నాడు అనుకుని ఆ రోజు ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు.

మొత్తానికి ఎనిమిదో నెలలో లాక్ అయింది. ఆ వారమే పనిచేసేవాళ్ల కుటుంబాలను ఆఫీసుకు పిలిచారు, గేము చూపిస్తామని. మధ్యాహ్నం మూడింటికి పిచ్చుకను తీసుకుని వెళ్లాను. ఒక హాల్లో గోడంత తెర. పిల్ల చేతికి కంట్రోలరు ఇచ్చి కూర్చోబెట్టారు.

వాన వెలిసిన వీధి. గుంటల్లో బస్సు లైట్లు వణుకుతున్నాయి. ఒక ముసలాయన గొడుగు దులిపి మూస్తే చినుకులు పడినచోట నేల నల్లబడింది. మేడ మీద బట్టలు ఆరేసిన తీగ బరువుకు కిందికి జారింది. నేను కుట్టుపనిదాన్ని, నా కన్ను ముందు కుట్ల మీదికే పోతుంది. ఆ తీగ మీది చొక్కాకు చంక దగ్గర ఒకసారి విప్పి మళ్లీ వేసిన కుట్టు ఉంది. ఇంత పని చేసినవాళ్లలో నా మొగుడు కూడా ఒకడని గర్వం కలిగింది. అదీ దాచను.

“ఎదురు బిల్డింగులోకి వెళ్లమ్మా, మూడో అంతస్తుకి,” అన్నాడు వాళ్ల లీడ్. మీసం సరిగ్గా రాని వయసు, చేతికింద వందమంది. “మాస్టారి గోడ అక్కడే ఉంది. దాని ముందుకొచ్చేసరికి మా టెస్టర్లకు దగ్గొస్తుందండీ.” అందరూ నవ్వారు.

పిచ్చుక మెట్లెక్కింది. నడవా చివర మా గోడ. అంచున పసుపు, లోపల ఆకుపచ్చ, మధ్యలో నలుపు. నా మోచెయ్యి తగిలి రాలిన పెచ్చు గుర్తుతో సహా ఉంది. దాని పక్కన మూసిన తలుపు. ఆ తలుపు వెనకనుంచి సన్నగా ఏదో వినిపిస్తోంది.

నా బుద్ధికంటే ముందు నా ఒళ్లు గుర్తుపట్టింది. లేచి నిలబడిపోయాను. ఊపిరి లాగితే ఈల, వదిలితే ఈల, మధ్యలో తెగిపోయిన చిన్న దగ్గు. వెయ్యిమంది పిల్లల్లో కలిసినా ఆ దగ్గు నాకు తెలుస్తుంది.

పిచ్చుక మీట నొక్కింది. తలుపు కదల్లేదు. మళ్లీ నొక్కింది, మళ్లీ నొక్కింది.

“అది తెరుచుకోదమ్మా,” అన్నాడు లీడ్. “ఊరికే బొమ్మ. ఈ నగరంలో పద్నాలుగు వేల తలుపులున్నాయి, తెరుచుకునేవి అరవై. మిగతావాటి వెనక ఏమీ ఉండదు. కాకపోతే లోపల మనుషులున్నట్టు అనిపించాలి కదా, అందుకని శబ్దాలు పెట్టాం. ఇది మాస్టారే తెచ్చారు. అన్నిటికంటే ఇదే బాగా కుదిరింది.”

“అమ్మా,” అంది పిచ్చుక, తెర మీంచి కళ్లు తిప్పకుండా. “లోపల నేనున్నాను.”

మా ఆయన తల వంచుకుని తన బూట్లకేసి చూసుకుంటున్నాడు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. ఆ వెనకటివాడితో కాపురం చేస్తున్నానని నాకు ఆ హాల్లో తెలిసింది. పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను. ఆయన మా వెనకే వచ్చి బస్సెక్కాడు.

“ఆ రోజు డాక్టరుకు ఎప్పుడు ఫోన్ చేశారు?” అని అడిగాను.

“వెంటనే.”

“వెంటనే అంటే?”

“రికార్డు ఆపాక,” అన్నాడు. “నలభై సెకన్లు. ఎందుకు నొక్కానో నాకే తెలియదు. చెయ్యి దానంతటదే నొక్కేసింది.”

“గేములో ఎంతసేపు వస్తుంది అది?”

“నలభై సెకన్లకోసారి మళ్లీ మొదటినుంచి వస్తుంది. ఆగదు.”

ఒకసారి మందు పట్టించి రెండోసారికి ఆగే ఆ నిమిషం ఎంత పొడుగో నాకు తెలుసు. అందులో నలభై సెకన్లు ఈయన తీసుకున్నాడు.

ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా వెనకగదిలోకి వెళ్లి, బ్లేడు తీసుకుని గోడను గీకాను. తడిసిన సున్నం ముద్దలా ఊడి కాళ్ల మీద పడింది. మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు, ఆ రోజు నిలబడినచోటే.

“ముందు కిటికీ తియ్యి, లేకపోతే బూజంతా గదిలోనే లేస్తుంది,” అన్నాడు మెల్లగా. “కుడిపక్క కింది మూలనుంచి మొదలుపెట్టు, అక్కడ రంగు పలచన. పైన గడియ దగ్గర గడ్డకట్టింది, అక్కడ ఒత్తకు.”

ఆ కిటికీలో ప్రతి అంగుళం ఆయనకు తెలుసు. ఎలా తియ్యాలో ఎనిమిది నెలలుగా తెలుసు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

“తెలిసినవాళ్లు మీరే తియ్యండి,” అని బ్లేడు ఆయన చేతిలో పెట్టాను.

పావుగంట పట్టింది, అంతే. ఎనిమిది నెలలు ఆగిన పని పావుగంటది. రెక్క చిటపటమని ఊడి తెరుచుకుంది. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో పక్క బిల్డింగు గోడ ఉంది, దాని నిండా చెమ్మే. అయినా సన్నగా గాలి వచ్చింది. పిచ్చుక వచ్చి కిటికీ గట్టు మీద గడ్డం ఆనించి నిలబడింది.

“నాన్నా, ఆ అమ్మాయి తలుపు కూడా ఇలాగే తీస్తావా?” అంది.

“ఏ అమ్మాయి?” అన్నాడు, తెలిసే.

“గేములో ఉన్న నేను.”

“అది లాక్ అయిపోయిందమ్మా. ఇంక ఎవరూ మార్చకూడదు.”

“అటు వెళ్లినవాళ్లందరికీ వినపడుతుందా?”

“వినపడుతుంది.”

“విని ఏం చేస్తారు?”

ఆయన బ్లేడుకు అంటిన రంగు వేలితో తుడిచాడు. “తలుపు తెరుచుకోదు కదా,” అన్నాడు. “కాసేపు ఆగి వెళ్లిపోతారు.”

పిచ్చుక కాస్త ఆలోచించి, తండ్రి మోచెయ్యి పట్టుకుని ధైర్యం చెబుతున్నట్టు అంది, “నువ్వు వెళ్లిపోలేదులే నాన్నా. నాకు గుర్తుంది. ఫోన్ పట్టుకుని అక్కడే ఉన్నావు.”

మా ఆయన నేల మీద సుద్ద గుర్తుల మధ్య కూలబడి, రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. మిషను కిందనుంచి రంగు డబ్బా లాగి, మూత తియ్యడానికి ఆ బ్లేడు ఇలా ఇమ్మని చెయ్యి చాపాను.