ఎదురుగా కూర్చునేవాడు

సౌదీలోని దమ్మామ్‌లో ఒక హోటల్ హాల్లో మస్తాన్ వలీకి మూడు రోజులపాటు నాయకత్వం నేర్పారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నేర్పారు. ఎవరి కళ్లలోకి చూడాలో, ఏ మాట దగ్గర ఆగి ఊపిరి తీసుకోవాలో నేర్పారు. అతనితో పాటు మరో పదకొండు మంది ఉన్నారు. ఒకడు ఎలక్ట్రీషియన్, ఒకడు వంటవాడు, మిగతావాళ్లు డ్రైవర్లు. అందరూ కంపెనీ క్యాంపుల్లో నమాజు చేయించేవాళ్లే. ఆ పనిలో వాళ్లను ఎవరూ పెట్టలేదు. ఖురాన్ తప్పుల్లేకుండా చదవగలవాడు ముందు నిలబడితే మిగతావాళ్లు వెనక వరస కట్టారు, అంతే. అన్నేళ్లూ వాళ్లవైపు తొంగిచూడని కంపెనీకి ఇప్పుడు వాళ్లమీద ప్రేమ పుట్టుకొచ్చింది. మెడలో కార్డులు వేసి 'మార్గదర్శి' అని పేరు పెట్టింది.

మూడో రోజు కోటు తొడుక్కున్న శిక్షకుడు గోడమీద బొమ్మ వేసి చూపించాడు.

"ప్రశ్నలు తీసుకోవద్దు. ఎవరైనా అడిగితే నవ్వండి. 'తర్వాత విడిగా మాట్లాడుకుందాం' అనండి. ఒక ప్రశ్నకు జవాబిస్తే పది లేస్తాయి."

మస్తాన్ వలీ ఆ మాటను కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో నోటుబుక్కులో రాసుకున్నాడు.

రాసుకోవడానికి కారణముంది. ఆ ఏడు కంపెనీ ఎరుపులో పడింది. సౌదీలకు ఇవ్వాల్సినన్ని కొలువులు ఇవ్వని కంపెనీని నితాఖత్ లెక్కలో ఎరుపు రంగులో పెడతారు. ఎరుపులో ఉంటే పనివాళ్లు ఆ దేశంలో ఉండటానికిచ్చే ఇఖామాలు రెన్యువల్ కావు. దానికి తోడు పరాయిదేశపు తల ఒక్కింటికి ఇంతని లెవీ. అంచేత తలలు తగ్గించుకోవాలి. మస్తాన్ వలీ ఉండే సులై క్యాంపులో మూడు నెలలుగా అందరి నోటా ఒకటే మాట, జాబితా. కోర్సు పూర్తి చేసిన మార్గదర్శుల పేర్లు అందులో ఉండవని వెల్ఫేర్ ఆఫీసర్ ఇష్తియాక్ మాటిచ్చాడు. ఇష్తియాక్ హైదరాబాదీ. ఆఫీసు కుర్చీలో కూర్చుంటాడు కానీ అతని ఇఖామా కూడా అదే కంపెనీది.

"మస్తాన్ భాయ్, యూ ఆర్ సేఫ్," అన్నాడు దమ్మామ్ నుంచి తిరిగొచ్చిన రోజు. "ఒక్క ప్రాక్టికల్ మిగిలింది. రేపు జుమ్మా నమాజ్ అయినంక లంచ్ టైములో మెస్సులో ఈ కాగజ్ చదివెయ్యి. సర్టిఫికెట్ నీ చేతిలో పెడ్త. నమాజ్ వాళ్లు, హిందూ వాళ్లు, సబ్ లోగ్ నీ మాట వింటరు. మేము చెప్తే డౌట్ పడ్తరు."

వేంపల్లెలో ఉన్న భార్య మేరాజ్ బేగం, ఇద్దరు పిల్లల చదువులు మస్తాన్ వలీ కళ్లముందు మెదిలాయి. కాగితం తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

అతని అసలు చదువు వేరే ఉంది. పగలంతా క్యాంపు బస్సు నడుపుతాడు. కడప మదర్సాలో సగంలో ఆగిన చదువును ఆరేళ్లుగా ఫోన్లో సాగిస్తున్నాడు. చెప్పేది మౌలా సాహెబ్. మదీనాలో ఒక హోటల్లో యాత్రికుల సామాన్లు చూసుకునే ముసలాయన, మతశాస్త్రాలు చదివిన పెద్ద ఆలిమ్. వారానికి ఒక పాఠం వాయిస్ మెసేజ్‌లో పంపుతాడు. ఒకటే షరతు. విన్న పాఠాన్ని ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని అప్పజెప్పాలి. వాళ్లు అడ్డుప్రశ్నలు వేయాలి. ఆ ప్రశ్నలకు ఏం జవాబు చెప్పావో వినిపిస్తేనే తర్వాతి పాఠం. మదర్సాల్లో ఇది మామూలే. ఉస్తాద్ చెప్పి వెళ్లాక పిల్లలు ఇద్దరిద్దరు కూర్చుని ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు.

మొదట్లో ఎదురుగా అదే కంపెనీలో పనిచేసే జిలానీ కూర్చునేవాడు. కుటుంబాల మీద లెవీ పడ్డాక భార్యాపిల్లల్ని పంపేశాడు, ఆరు నెలలకు తానూ ఎగ్జిట్ వీసా మీద ఊరికి వెళ్లిపోయాడు. ఎవరూ దొరక్క మస్తాన్ వలీ ఓ శుక్రవారం పొద్దున కుళాయిల దగ్గర బట్టలు ఉతుక్కుంటున్న దేవన్నను పట్టుకున్నాడు. దేవన్న జగిత్యాల పక్క పల్లెవాడు, తాపీ మేస్త్రీ.

"నాకు అరబ్బీ రాదు, మీ కితాబులు ఎరుక లెవ్వు. నన్నేం జేస్తవ్ వలీ భాయ్?"

"నేను తెలుగులో చెప్తా. నీకు అర్థం గాకపోతే అడుగు. అంతేనబ్బా."

ఆ రోజు పాఠం అమ్మకాల మీద. కంటితో చూడకుండా కొన్నవాడికి, చూశాక వద్దనే హక్కుంటుందని చెప్పాడు. దేవన్న లుంగీ పిండుతూ ఆలోచించాడు. "మరి గుడ్డోడు కొంటే?"

మస్తాన్ వలీకి జవాబు తెలియలేదు. మౌలా సాహెబ్‌కు పంపితే ఆయన పది నిమిషాల మెసేజ్ పెట్టాడు. చివర్లో, "ఆ అడిగినవాణ్ణి వదులుకోకు, నీకు నాకంటే మంచి ఉస్తాద్ దొరికాడు" అన్నాడు. అప్పటినుంచి ఏడాదిన్నరగా ప్రతి శుక్రవారం కుళాయిల దగ్గర పాఠం నడుస్తోంది.

ఈ శుక్రవారం మస్తాన్ వలీ ముఖం ముడుచుకుని వచ్చాడు. కాగితం వెనక అంటించిన నలభై మూడు పేర్లలో తొమ్మిదోది దేవన్నది.

"ఇంటికి పోతాండావంట. నాకొక మాటన్నా చెప్పలేదే?"

దేవన్న సబ్బు చేత్తోనే తలెత్తాడు. "ఎవడు పోతుండు?"

"నువ్వే. ఇష్టంగా పోతాండావని ఈడ రాసుండాది. నాతో చెప్పకుండా ఆఫీసోళ్లతో చెప్తివి. నేనంత పరాయోణ్ణి అయిపోతినా?"

"వలీ భాయ్, పొద్దుగాల్నే దిమాక్ ఖరాబ్ జేయకు. ఏం రాసుంది? సదువు."

ఉర్దూలో ఉన్నదాన్ని మస్తాన్ వలీ తెలుగులో చదివాడు. 'ఈ కింది సోదరులు ఎవరి బలవంతమూ లేకుండా, తమ సంతోషంతో పనికి రాజీనామా చేసి స్వదేశం వెళ్తున్నారు. ఓర్పు గలవాళ్లను దేవుడు ప్రేమిస్తాడు. సోదరులు ఒక్కొక్కరుగా ముందుకు వచ్చి సంతకం పెట్టగలరు.'

దేవన్న చేతులు తుడుచుకున్నాడు. "రాజీనామా నేనెప్పుడు వెట్టిన?"

"పెట్టలేదా?"

"పెడ్తే నీకు జెప్పనా? గది గాదు. కంపెనీ నన్ను తీసేస్తే ఏమైతది, నేనే వోతే ఏమైతది?"

జవాబు దేవన్నే చెప్పుకున్నాడు.

"తీసేస్తే ఎందుకు తీసేసినవ్ అని కోర్టుల అడగొచ్చు. నేనే వోతే అడిగెటోడు లేడు. మా రూముల నర్సింలుకు సంతకం రాదు, ఏలిముద్ర ఏస్తడు. నువ్వు సదివితే దేవుని మాట అనుకొని ఏస్తడు. గందుకే నిన్ను దమ్మామ్ తోలిండ్రు. హోటల్ల బిర్యానీ వెట్టింది గిందుకే."

"నాకు తెల్దు దేవన్నా."

"తెల్వదా? ప్రతి వారం నాకు పాఠం జెప్తివి. నేను గుడ్డోని గురించి అడిగితే మదీనా దాక వోయి జవాబు తెస్తివి. గీ కాయితం మూడు దినాలు జేబుల వెట్టుకొని ఒక్కసారన్న ఒకని ముంగట కూసొని సదివినవా?"

మూడు రోజులు కాదు, ఒక్క రోజే అని దిద్దబోయి ఊరుకున్నాడు మస్తాన్ వలీ. పేరు చూశాడు. స్నేహితుడు చెప్పకుండా వెళ్తున్నాడని అలిగాడు. అడగాలని మాత్రం తోచలేదు. తాను జాబితాలో లేనన్న ధీమా కళ్లకు గంతలు కట్టింది. మౌలా సాహెబ్ ఆరేళ్లు చెప్పిన చదువును ఆ కోటువాడు మూడు రోజుల్లో కడిగేశాడు.

"ఇస్తాలే," అన్నాడు పళ్లు బిగించి.

"ఏమిస్తవ్?"

"వాళ్లడిగిన ప్రాక్టికల్."

మెస్సులో రెండువందల మంది దాకా ఉన్నారు. ఇష్తియాక్ మైకు పెట్టించాడు, పక్కన బల్లమీద ఫారాలు, పెన్నులు, వేలిముద్రల సిరా డబ్బా. మస్తాన్ వలీ మైకు దగ్గరికి వెళ్లలేదు. పళ్లేలు పక్కకు జరిపించి మధ్యలో నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నర్సింలూ, ఇట్ల రా. నా ఎదురుగా కూర్చో."

జాబితాలో పేరున్న నర్సింలు చెయ్యి కడుక్కుని వచ్చి బిత్తరపోతూ కూర్చున్నాడు. మస్తాన్ వలీ మొదటి వాక్యం గట్టిగా చదివాడు, ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి.

"ఇప్పుడు నువ్వు చెప్పు. నేనేం చదివినా?"

"నేను... నా ఖుషీతోని నౌకరి ఇడిసిపెట్టి పోతున్న అని."

"నీకు ఖుషీయేనా?"

నర్సింలు ఇష్తియాక్ వైపు చూశాడు, దేవన్న వైపు చూశాడు. "నన్నెవలన్న అడిగిండ్రా సాబ్?"

మెస్సులో ఎవరో పకపకా నవ్వారు. వెనక నుంచి ఒక గొంతు లేచింది. "అరే, నా పేరుందా అండ్ల?"

"మస్తాన్ భాయ్!" ఇష్తియాక్ నవ్వు తెచ్చుకున్నాడు. "క్వశ్చన్స్ తర్వాత. విడిగా మాట్లాడుకుందాం. నువ్వు చదువుతూ వెళ్లు."

"తర్వాతెప్పుడు సార్, వేలు సిరాలో ముంచినంకనా? ఖుషీ అని మీరు రాసినారు. ఖుషీ ఎవరిదో వాళ్లనే చెప్పనీండి. మా చదువులో అట్లనే చెప్తారు. ఎదుటోడు తిరిగి చెప్పంది చదివినట్టు కాదు."

"ఇది మదర్సా కాదు!"

"మరి నన్ను మౌలానా చేసి తెచ్చినారే? మెడలో కార్డేసినారే? దేవుడి పేరు ఈ కాయితంలో ఎవరు పెట్టినారు సార్, మీరా, ఆ కోటాయనా? తీసేయాలనుకుంటే తీసేయండి. తీసేసినాం అని మీ చేత్తో రాయండి. మీ పాపం వాళ్ల వేలికి పూయొద్దు. నా నోటికి అసలే పూయొద్దు."

ఇష్తియాక్ దగ్గరికి వచ్చి వంగి గొంతు తగ్గించాడు. "భాయ్, నా మీద కూడా ఊపర్ సే ప్రెజర్ ఉంది. ఫార్టీ త్రీ చేయకుంటే ఫార్టీ ఫోర్త్ నేనే. సోచో. సర్టిఫికెట్ పోతది. ఫస్ట్ నేమ్ నీదే వస్తది."

"రానీ. వస్తే ఆ కాయితం గూడా ఎవరి ముందరనన్నా కూర్చుని చదువుకుంటా."

బల్లమీది పెన్నుల వైపు ఒక్కడూ కదల్లేదు. ఇష్తియాక్ ఫారాలు తీసుకుని, సిరా డబ్బా మూత కూడా సరిగా పెట్టకుండా, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. రేపో ఎల్లుండో ఆ ఫారాలు మళ్లీ వస్తాయని అందరికీ తెలుసు. అప్పుడు మైకు కూడా ఉండదు, ఒక్కొక్కణ్ణీ గదిలోకి పిలుస్తారు. మేరాజ్‌కు ఏం చెప్పాలి? మస్తాన్ వలీ కాగితం మడిచి లేవబోయాడు.

నర్సింలు ఎదురుగా అట్లాగే కూర్చుని ఉన్నాడు. అతని వెనక దేవన్న, దేవన్న పక్కన ఇంకో నలుగురు పళ్లేలు జరుపుకుంటూ కింద కూర్చుంటున్నారు.

"యాడికి వోతున్నవ్ సాబ్?" అన్నాడు నర్సింలు. "రెండోది సదువు."