భూలక్ష్మి పారేయని ముక్కలు

నేను ఒక ట్యాబ్‌ని. పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో, లెక్కలేనంతమంది కవలలతో. పెరిగింది మాత్రం విజయనగరంలో, బస్సు డ్రైవరు అప్పలనర్సయ్య గారింట్లో. ఆయన కూతురు పావని చదువు కోసం నన్ను కొన్నారు. ఆ పిల్ల నా ముందు చదివినదానికంటే నిద్రపోయిందే ఎక్కువ. ఆమెకు వేరే ఊళ్లో ఉద్యోగం రాగానే నేను వంటింటికి బదిలీ అయి, పాలగిన్నె మీద మూతనయ్యాను.

ఇంతలో అయ్యగారికి రిటైర్మెంటు వచ్చింది. సన్మానానికి రానని భీష్మించుక్కూర్చున్నారు. "ముసిలోడివయ్యావు, దిగిపో అనడానికి సాలువా కూడానా?" అని ఒకటే గొణుగుడు. ఆయన భార్య భూలక్ష్మికి దిగులు పట్టుకుంది. ఇన్నేళ్లు ఊరందరినీ మోసిన మనిషి ఆ రోజు ఇంట్లో దాక్కోవడమేమిటి? ఆయన మీద ఓ వీడియో చేసి సభలో వేయిస్తే, అది చూడ్డానికైనా వస్తారని ఆమె ఆశ. వెంటనే నన్ను కడిగింది. అవును, నీళ్లతోనే. ఎలాగో బతికి బయటపడ్డాను. ఆపైన నన్ను కొంగుచాటున పెట్టుకుని, ఆయన ఎటు వెళ్తే అటు తిరిగి వీడియోలు తీసింది.

పావని ఫోన్లో పాఠం చెప్పింది. "అమ్మా, రెండు చివర్లూ కత్తిరించు. మధ్యలో అక్కర్లేనిది ముక్క చేసి తీసెయ్." చిక్కుడుకాయల కొనలు తుంచిన చెయ్యి కదా, కత్తిరించడం చిటికెలో వచ్చేసింది. చిక్కంతా పారేయడం దగ్గరే. బీరపొట్టుతో కూడా పచ్చడి చేసే ఇల్లది. "నా సేత్తో తీసినవి పారేత్తానేటే?" అంటూ, తీసేసిన ముక్కలన్నీ జరిపి జరిపి చివర పేర్చింది. ముగింపు నమస్కారం బొమ్మ పడ్డాక ఇంకెవరు చూస్తారని ఆమె ధీమా. పాటలు పెట్టడమూ నేర్చింది. అయ్యగారు బస్సు దిగుతుంటే పెళ్లి మేళం, అన్నం తింటుంటే ఉరుములు. నేను వేడెక్కి మూర్ఛపోయాను.

వీడియో మాట విని సభకు అయ్యగారు వచ్చారు గానీ, వేదికెక్కనని వెనక వరసలో కూర్చున్నారు. వైరు తగిలించుకుని నేను పెద్ద తెరకు వీడియో అందించాను. నమస్కారం బొమ్మ పడింది. జనం చప్పట్లు కొట్టి లేవబోయారు. అప్పుడు మొదలయ్యాయి ముక్కలు. అయ్యగారు నిద్రలో గేరు మారుస్తున్నారు. కూరల సంచీతో నడుస్తూ, వీధి మలుపులో చెయ్యి చాపి సిగ్నలిస్తున్నారు. హాలంతా గొల్లున నవ్వింది. భూలక్ష్మి కొంగుతో మొహం కప్పుకుంది.

ఆఖరి ముక్క తీసినప్పుడు నన్ను ఆపడం మరిచిపోయిందామె. తెర మీద వంటింటి పైకప్పు, వెనకాల కూతురితో ఫోన్లో మాట్లాడుతున్న ఆమె గొంతు: "మద్దినేల ఈది సివర ఆ బస్సు హారను ఇనబడితేనే నాకు ముద్ద దిగుతాది. రేపట్నుంచి ఏటి సెయ్యాలో తెల్డం లేదే అమ్మా."

నవ్వులు ఆగిపోయాయి. అయ్యగారు లేచారు. వెళ్లిపోతారేమోనని నాకు గుండె లేకపోయినా దడ పుట్టింది. ఆయన తిన్నగా వేదికెక్కి మైకు అందుకున్నారు. "ఆవిడికీ ఓ కుర్సీ ఎయ్యండి. సాలువా ఇద్దరికీ సరిపోతాది" అన్నారు.

ఇప్పుడు నేను ముసలిదాన్నై అలమరలో ఉన్నాను. మెమరీ నిండిపోయింది, ఆవిడ ఒక్క ముక్కా తీయనివ్వదు. రోజూ మధ్యాహ్నం అయ్యగారు వీధి గుమ్మంలో నిలబడి, నోటితోనే గట్టిగా హారను కొడతారు. లోపల భూలక్ష్మి కంచం ముందు కూర్చుంటుంది.