అంచు గరుకు

టీ తాగిన గ్లాసు మొగుడు తనే కడిగి బోర్లించాడు. అప్పుడే ఆమెకు అనుమానం వేసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో కాళ్ల దగ్గర పడ్డ తువ్వాలు కూడా వంగి తీయని మనిషి! అతి వినయం ధూర్త లక్షణం అని పెద్దలు ఊరికే అనలేదు.

పెరటి షెడ్డులో షిమ్ములు చేసేది ఆమే. మోటారు కాళ్ల కింద ఎగుడుదిగుడు సరిచేయడానికి పెట్టే పల్చటి రేకు ముక్కలవి. కొలతలు తెచ్చేది ఆయన, పట్టుకెళ్లి ఇచ్చేదీ ఆయనే. అందుకే బయట ఆయన మేస్త్రీ. "మా కోడలు ఖాళీగా ఉన్నప్పుడు రేకులు తుడిచిపెడుతుంది" అని అత్తగారు వచ్చినవాళ్లకి చెబుతుంది. వంట, అంట్లు, మావగారి మందులు అయ్యాక మిగిలే ఆ ఖాళీని ఆమె ఎన్నడూ కళ్లజూడలేదు. అయినా షెడ్డంటే ప్రాణం. ఆ ఇంట్లో ఆమె పనికి ఎవరూ వంక పెట్టని చోటు అదొక్కటే.

ఈమధ్య ఆయన స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంటున్నాడు. ఎలా కోస్తావు, దేంతో కొలుస్తావు అని ఒకటే ఆరా. "నీ నడుం విరిగిపోతోందే, చూడలేకపోతున్నా" అంటాడు. ఇన్నాళ్లూ లేని నడుం ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది? ఇంకెవరికైనా నేర్పుతాడా? రేకులు కోసే మిషను అమ్మేస్తాడా? కూరలో ఉప్పు వేస్తున్నా అదే ఆలోచన. అత్తగారు మాత్రం "అదృష్టవంతురాలివే, మీ మావగారు నన్నెప్పుడైనా అలా అడిగారా" అని మూతి తిప్పింది.

బట్టలు ఆరేస్తుంటే కిటికీలోంచి ఆయన గొంతు వినబడింది. "నేర్చేసుకున్నానమ్మా. పంపుహౌసు షిమ్ము నేనే చేసి ఇచ్చేశా. ఇక షెడ్డు తాళం నా దగ్గరే ఉంటుంది. పెళ్లామే అసలు మేస్త్రీ అని బజార్లో నవ్వుతున్నారు, తల కొట్టేసినట్టుంది."

తడి దుప్పటి ఆమె చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడే పంపుహౌసు ఫిట్టరు షిమ్ము పట్టుకుని వచ్చాడు. "ఏంటి మేస్త్రీ ఇది? బోల్టు బిగించేసరికి మోటారు కాలు కుంగింది. పంపు ఒకటే వణుకు. మీ పని ఎప్పుడూ ఇలా ఉండదే!"

ఆయన తడుముకోలేదు. "అది మా ఆవిడ చేసిందండీ. ఆడవాళ్ల చేతికిస్తే ఇంతే."

ఆమె చేసిందని ఆయన నోట రావడం అదే మొదలు. అదీ ఆమె చేయనిదాని గురించి.

ఆమె వంటింట్లోంచి వచ్చి ముక్క అందుకుంది. వేలితో అంచు తడమగానే తెలిసిపోయింది. కోసినప్పుడు అంచున లేచే గరుకును రాతి మీద రుద్ది తీయకుండా, ఆ అంచునే పట్టి కొలిచాడు. గరుకుతో కలిపి కొలత సరిపోయింది, అసలు రేకు పల్చన. బోల్టు బిగిస్తే గరుకు అణిగిపోదూ? ఆమె రుద్దుతున్నంతసేపూ స్టూలు మీద కూర్చుని ఫోను చూసుకున్నాడు మరి.

ఊరుకోమని ఆయన కళ్లతోనే సైగ చేశాడు. ఊరుకోవడం ఆమెకు కొత్త కాదు. ఈ ఒక్క తప్పూ నెత్తినేసుకుంటే ఇంట్లో గొడవుండదు. షెడ్డుకి మాత్రం తాళం పడుతుంది.

"నేనే చేస్తానండీ" అంది ఫిట్టరుతో. "ఇన్నాళ్లూ మీరు తీసుకెళ్లినవన్నీ నేను చేసినవే. ఇదొక్కటే ఆయన చేశారు."