మాట చివర ‘ట’

ముందు ఎడమ కన్నే తడుస్తుంది గాసి ముసలాడికి, ఆరేళ్ల కిందట ఆ రోజూ అంతే, ఎడమ కంటి నీరు చెంప దాటి గడ్డం మీదికి జారాక గానీ కుడి కన్ను చెమర్చలేదు, ఊరంతా ఆ చెంపవైపే చూసింది, తన నోటివైపు చూసినవాడు ఒక్కడూ లేడు, అనుకుంటోంది రత్నాలు, ఇంతలో బల్ల అవతల నుంచి దేవీప్రసాద్ సారు మఫ్లరు బిగించుకుంటూ, ఏటమ్మా, ఏటంతన్నాడు, అన్నాడు. పోడు పట్టాల విచారణకని కింద మైదానం నుంచి వచ్చిన ఆఫీసరు ఆయన, కువి భాష ఒక్క ముక్క రాదు, గాసికేమో సంతలో పసుపు అమ్ముకునేంత తెలుగే వచ్చు, అందుకని ఇద్దరి నడుమా ప్లాస్టిక్ కుర్చీ వేసి ఆమెను కూర్చోబెట్టారు, గాసి ఏం చెప్పినా ఆమె నోటి మీదుగానే ఆయన చెవిలో పడాలి, ఆరేళ్లుగా ఆమె ఏ దేవతనూ ఇంతకన్నా పెద్ద వరం అడగలేదు. నిన్న సచివాలయంలో పనిచేసే మాధవి ఫోన్ చేసి, అక్కా, ఎప్పుడూ తెలుగులో చెప్పే మాస్టారికి జొరమట, రేపు నువ్వు బేగి వచ్చేయవా, గాసి మావ కొండవాలు సంగతి, అన్నప్పుడు ఇంకెవరైనా అయితే రానని ఫోన్ పెట్టేసేవారు, రత్నాలు మాత్రం పొద్దున్నే తలకు నూనె రాసుకుని నున్నగా దువ్వుకుని, పెట్టెలోంచి ఉతికిన చీర తీసి కట్టుకుని, జీపు కోసం కూడా ఆగకుండా కాఫీ తోటల్లోని అడ్డదారిన పడి నడిచి వచ్చేసింది, పెళ్లికి వెళ్లే మనిషిలా.

కిటికీలోంచి చలిగాలి వస్తోంది, ఆ రోజు మాత్రం వాన, రేకుల షెడ్డు మీద టపటపా వాన, కింద తడిసిన కంబళ్ల వాసన, ఊరు ఊరంతా అక్కడే, ఆమె అప్పుడు ఆ ఊరి ఆశా కార్యకర్త. గాసి కూతురు కనకకు పొద్దున్నే నొప్పులు మొదలైతే, మంత్రం వేసే దిశారిని పిలిచి కోడిని కోయించి, తగ్గుతాయి తగ్గుతాయి అని మధ్యాహ్నం దాకా కూర్చున్నారు, పొద్దు నడినెత్తి దాటాక ఆమెకు కబురొచ్చింది, తింటున్న అన్నం వదిలేసి కొండ మీద విడిగా ఉన్న గాసి ఇంటికి ఎక్కింది, డోలీ కట్టించింది, వాగు దాటకముందే డోలీలోనే ఆడబిడ్డ పుట్టింది, ఏడవలేదు, ఎంత రుద్దినా ఏడవలేదు. మూడో రోజు ఆ షెడ్డు కింద గాసి లేచి, పొద్దున్నే కబురెట్టాం, ఈ గుంట రాలేదు, నా మనవరాలిని ఈ సేతుల్తోనే పాతేసినాను, అని భోరుమన్నాడు, ఆ ఏడుపు నిజమే, ఆమెకు ఇప్పటికీ కడుపులో రగిలేది అదే, కన్నీళ్లు నిజం, కబురు మాట అబద్ధం, జనం ఆ కన్నీళ్లతో కలిపి అబద్ధాన్ని కూడా మింగేశారు. ఆమె లేచి, కబురు ఒంటిగంటన్నరకు వచ్చింది, రెండున్నరకల్లా నేను మీ గుమ్మంలో ఉన్నాను, మూడుకి డోలీ లేచింది, అని చెప్పింది, ఒక్క ముక్క అబద్ధం లేదు, కానీ గొంతు, ఆ పాడు గొంతు, ఆశ్రమ పాఠశాలలో మూడో క్లాసులో పట్టుకున్న గొంతు, తెలుగు పాఠం తప్పు చదివితే ఒక దెబ్బ, ఏడిస్తే ఇంకో దెబ్బ, అందుకని భయం వేసేకొద్దీ ఆ గొంతు ఎండిపోయి చదునైపోవడం నేర్చుకుంది, లోపల గుండె దడదడలాడుతున్నా పైకి పాఠం అప్పజెప్పినట్టే వస్తుంది, కువి మాట్లాడినా అంతే. రాయిలాగుంది సూడు, పసిగుడ్డు సచ్చిపోతే గడియారం సూసి సెప్తంది, అంది యర్రమ్మ, రెండు కాన్పులకూ రత్నాలు పక్కనుండి ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆ యర్రమ్మనే, అంతే, ఇంక ఎవరూ ఏమీ అడగలేదు, కబురు తెచ్చింది ఎవరు, ఎన్నింటికి బయల్దేరాడు, ఎవరికీ అక్కర్లేకపోయింది, నెల తిరక్కుండా పని పోయింది, తర్వాత ఎవరికి నొప్పులొచ్చినా ఆమె గుమ్మం దాటుకుని పై ఊరి మనిషి కోసం వెళ్లారు, కుళాయి దగ్గరికి ఆమె వస్తుంటే బిందెలు పక్కకు జరిగాయి.

అదిగో, మళ్లీ మొదలెట్టాడు, ఆ వాలు మా అయ్య నరికినాడు బిడ్డా, నేనప్పుడు ఇంతే ఉన్నాను, సామలు ఏసేవోళ్లం, చోళ్లు, వలిసెలు, ఆ పనస సెట్టు మా అయ్య నాటిందే, అయ్యని అక్కడే పాతినాం, రాయి కూడా ఉంది, సారుకి సెప్పు. నిజమే, అంతా నిజమే, అది ఆమెకన్నా ఎవరికి బాగా తెలుసు, ఎనిమిదేళ్లప్పుడు సెలవులకు వచ్చి ఆ వాలు మీదే పసుపుపచ్చగా పూసిన వలిసెల్లో దాక్కుంది, గాసి పెళ్లాం దొప్పలో పోసిన సామ గంజి తాగింది, ఆ రాయి పక్కన కూర్చునే తాగింది. ఆఫీసరు ముందున్న కాగితంలో మాత్రం ఆ వాలు ఈ మధ్య కొత్తగా నరికిందని అభ్యంతరం ఉంది, సర్వేకి వచ్చిన రోజున గాసి ఊళ్లో లేడు, ఏ రికార్డులోనూ పేరు లేదు, ఇక మిగిలింది నోటి మాట ఒక్కటే, రెండు వేల అయిదుకి ముందు నుంచీ అక్కడ పండిస్తున్నాడని ఈ మఫ్లరు మనిషి నమ్మితే పట్టా రాస్తాడు, లేకపోతే లేదు. దారి పొడుగునా ఆమె ఒకటే అనుకుంది, మాట మార్చకూడదు, మారిస్తే పట్టుబడిపోతాను, మాధవికి కువి అంతో ఇంతో అర్థమవుతుంది, ఉన్నది ఉన్నట్టే చెప్పాలి, చెప్పాలి గానీ. వాళ్ల నాన్న నరికి సాగు చేశాడట సార్, సామలూ చోళ్లూ వేసేవారట, పనస చెట్టు కూడా ఆయనే నాటాడట, చనిపోతే అక్కడే పాతిపెట్టారట, రాయి కూడా ఉందట. తప్పేముంది, ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పేటప్పుడు తెలుగులో ఎవరైనా అలాగే అంటారు, కానీ వరసగా అయిదుసార్లు అంటే ఆ ట అనేది చీడలా మాటను లోపలినుంచి తొలిచేస్తుంది, పై తొక్క మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది, మాధవి తల కూడా ఎత్తలేదు, ఆఫీసరు పెదవి కొంచెం పక్కకు వంకరపోయింది, ఆ వంకర చూడగానే రత్నాలు నాలుక మీద బెల్లం ముక్క కరిగినట్టయింది.

సారు తనవైపు కాకుండా కాగితంవైపే చూస్తున్నాడని గాసికి తెలిసిపోయింది, కంగారు పుట్టింది, కంగారుకి గొంతు లేచింది, బల్ల అంచు పట్టుకుని ముందుకు వంగాడు, మా అయ్య ఎముకలున్నాయి అక్కడ, తవ్వి సూపించనా, అని అరిచాడు, ఎర్రటి కళ్లు, వణికే చేతులు, దేవీప్రసాద్ సారు కుర్చీ వెనక్కి లాక్కుని, తాగొచ్చాడేటమ్మా, అన్నాడు. కనక బిడ్డ పోయిన దగ్గర్నుంచీ గాసి జీలుగు కల్లు చుక్క ముట్టలేదు, అది కొండ మీద అందరికీ తెలుసు, ఆ కళ్లు పొయ్యి పొగకీ ఏడుపుకీ ఎర్రబడ్డవి, నాకు తెలీదు సార్, అంది రత్నాలు. ఇంతకీ నువ్వు ఇక్కడి మనిషివే కదా, నీకేటనిపిస్తంది, నిజవే సెప్తన్నాడా, అని అడిగాడాయన, ఈ ప్రశ్న ఆ రోజు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు తనను అడిగి ఉంటే, అనుకుంది, ఒళ్లంతా భయం పాకింది, గొంతు ఎండింది, చదునైంది, ఆయన చెప్పింది నేను చెప్పాను సార్, అంతకు మించి నేను చెప్పకూడదు. ఆఫీసరు మాధవి వైపు తిరిగి, ఈమె నయం, ఏడుపూ గొడవా లేకుండా ఉన్నదున్నట్టు సెప్తంది, ఇలాంటోళ్ల మాట నమ్మొచ్చు, అని మెచ్చుకుని పెన్ను తీశాడు, ఆ అక్షరాలు తలకిందులుగానే ఆమె చదివేసింది, వాంగ్మూలం నమ్మదగినదిగా లేదు, సిఫారసు చేయడం లేదు, కింద సంతకం, అదే గొంతు, ఆ రోజు ఆమెను ముంచిన గొంతే, ఇవాళ వాణ్ణి ముంచింది, నవ్వు వస్తుందేమోనని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆఫీసరు జీపు ఘాట్ మలుపు తిరిగి కిందికి దిగిపోయింది, మెట్ల దగ్గర ఎండలో నిలబడి ఆమె ఆ సంతోషాన్ని ఇంకాసేపు చప్పరిద్దామనుకుంది, ఇప్పుడు ఏడు, ఇప్పుడెంత ఏడుస్తావో ఏడు, అనుకుంటుండగా గాసి వచ్చి రెండు మెట్లు కింద ఆగాడు, ఏం రాశారో అతనికింకా తెలియదు, చేతులు జోడించాడు. నువ్వొస్తన్నావని తెలిసి ఎనక్కి ఎల్లిపోదామనుకున్నాను బిడ్డా, మార్చి సెప్తావని భయపడ్డాను, నువ్వు ఒక్క మాట తడబడలేదు, నేను ఏడిసి అరిసినా నువ్వు నిదానంగా సెప్పుకుపోయినావు, ఆ రోజూ ఇలాగే సెప్పినావు, అని ఆగాడు, ఆ రోజు నువ్వు సెప్పిందే నిజం, మద్దేనం దాకా దిశారి కాళ్లకాడ కూకుండిపోయింది నేనే కదా, కనక మొకం సూళ్లేక నీ మీద ఏసేసినాను, నువ్వు నిజం సెప్తన్నావని నాకు తెల్సు, లేచి సెప్పీమని లోపల ఏదో గింజుకుంది, నోరు రాలేదు, ఎవులితోనూ అన్లేదు, నీతోనే అంటన్నాను. ఆరేళ్లుగా దాచుకున్న తిట్లన్నీ ఆమె నాలుక చివరికి వచ్చాయి, ఈ మాట ఊరి మధ్యలో చెప్పు ముసలాడా, యర్రమ్మ ముందు చెప్పు, అనబోయింది, అనలేకపోయింది, ఎందుకంటే ఆ షెడ్డు కింద అంతమంది ఉండగా తన మాట నిజమని తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు, తెలిసి నోరు మూసుకున్నాడు, అలాంటి మనిషి లోపల ఎలా ఉంటాడో, చేసేటప్పుడు ఏమనుకుంటాడో, తర్వాత అన్నం ఎలా సహిస్తుందో అని ఆమె ఆరేళ్లూ ఊహించి ఊహించి ఉమ్మింది, ఇందాక ఆ గదిలో గాసి మాట నిజమని తెలిసిన మనిషి కూడా ఒక్కరే ఉన్నారు, తెలిసి నోరు మూసుకున్నారు, ఇంక ఊహించక్కర్లేదు, లోపల ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు, తియ్యగా ఉంటుంది.